డొక్కలో నొప్పి వచ్చి తగ్గిపోయింది: కిడ్నీలో రాయా, గ్యాసా?

మీరు రాసింది క్లుప్తంగా: వయసు 34, గచ్చిబౌలిలో కూర్చుని చేసే ఉద్యోగం. మొన్న తెల్లవారుజామున ఎడమ డొక్కలో ఉన్నట్టుండి నొప్పి లేచి గజ్జ దాకా పాకింది. రెండుసార్లు వాంతి అయింది. గంటన్నరకు దానంతటదే తగ్గింది. ఇంట్లో వాళ్లు గ్యాస్ అంటున్నారు. జ్వరం లేదు, మూత్రం రంగు మామూలుగానే ఉంది. రాయి అయితే రక్తం పడాలి కదా, నొప్పి పోయాక ఇక స్కానింగ్ దేనికి అన్నది మీ సందేహం.

సూటిగా చెప్పాలంటే ఇది గ్యాస్‌లా లేదు. మూత్రనాళంలో రాయి అడ్డుపడినప్పుడు వచ్చే నొప్పి అచ్చం ఇలాగే ఉంటుంది. నొప్పి తగ్గినా సరే, రెండు మూడు రోజుల్లోపు మూత్ర పరీక్ష, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్త పరీక్ష), అల్ట్రాసౌండ్ చేయించండి. ఈలోపు చలితో జ్వరం వస్తే మాత్రం తెల్లారేదాకా ఆగొద్దు, అర్ధరాత్రయినా ఎమర్జెన్సీకి వెళ్లిపోండి.

ఎందుకంటున్నానో చెప్తాను. చాలామంది రాయి లోపల గుచ్చుకోవడం వల్ల నొప్పి వస్తుందనుకుంటారు. అసలు కారణం అడ్డు. కిడ్నీ నుంచి మూత్రాశయానికి వెళ్లే నాళం పొడవు 25 నుంచి 30 సెం.మీ., లోపలి వెడల్పు 3, 4 మి.మీ. మాత్రమే. అందులోనూ మూడు చోట్ల మరీ ఇరుకు: కిడ్నీ నుంచి నాళం మొదలయ్యే చోట, కాలికి వెళ్లే పెద్ద రక్తనాళాలను దాటే చోట, మూత్రాశయంలోకి దూరే చోట. రాయి వీటిలో ఎక్కడో ఇరుక్కుంటే వెనక మూత్రం నిలిచిపోతుంది, కిడ్నీ లోపల ఒత్తిడి పెరుగుతుంది, నాళం సాగి బిగుసుకుంటుంది. ఆ సాగడమే నొప్పి.

ఇది అర్థమైతే మిగతావన్నీ అర్థమవుతాయి. కిడ్నీ లోపలి అరలో 12 మి.మీ. రాయి ఏళ్ల తరబడి చడీచప్పుడు లేకుండా కూర్చుంటుంది. నాళంలోకి జారిన 4 మి.మీ. రాయి మాత్రం మనిషిని నేల మీద దొర్లిస్తుంది. సైజుకూ నొప్పికీ లెక్క కుదరదు. అలాగే నొప్పి తగ్గిందంటే రాయి పడిపోయిందని అర్థం కాదు. రాయి కాస్త జరిగి మూత్రానికి సందు దొరికినా నొప్పి తగ్గుతుంది. అడ్డు అలాగే ఉన్నా, కొన్ని గంటలకో రోజులకో ఒత్తిడి పడిపోయి నొప్పి సద్దుమణుగుతుంది. ఈ రెండో రకమే ప్రమాదం. నొప్పి లేదు కదా అని మూడు నెలలు ఊరుకున్నవాళ్లలో కొందరికి స్కానింగ్ తీసేసరికి కిడ్నీ ఉబ్బిపోయి, పొర పలచబడి కనిపిస్తుంది.

రాయి నొప్పి తీరు ఎలా ఉంటుంది

వీపు వెనక, చివరి పక్కటెముకకు కింద, వెన్నెముకకు పక్కగా మొదలవుతుంది. అక్కడి నుంచి డొక్క చుట్టూ ముందుకు తిరిగి పొత్తికడుపు, గజ్జల వైపు దిగుతుంది. మగవాళ్లకు అదే వైపు వృషణంలో, ఆడవాళ్లకు యోని పెదవుల దగ్గర లాగినట్టు ఉంటుంది. కొద్ది నిమిషాల్లోనే తారస్థాయికి చేరి, అలలుగా వస్తుంది. ఒక్కో అల 20 నిమిషాల నుంచి గంట వరకు ఉండొచ్చు. మధ్యలో తగ్గినా, అడుగున మొద్దు నొప్పి మిగిలే ఉంటుంది. రాత్రంతా నీళ్లు తాగం కాబట్టి మూత్రం చిక్కబడుతుంది, ఎక్కువమందికి నొప్పి లేచేది కూడా తెల్లవారుజామునే.

మేం రోగిని ముట్టుకోకముందే చూసేది ఒకటుంది: మనిషి ఎలా ఉన్నాడని. రాయి నొప్పి ఉన్నవాళ్లు ఒకచోట ఉండలేరు. కూర్చుంటారు, లేస్తారు, నడుస్తారు, మంచం మీద మెలికలు తిరుగుతారు. ఎలా పడుకున్నా సుఖం ఉండదు. అపెండిక్స్ పగిలో, పేగుకు రంధ్రం పడో కడుపు లోపలి పొర వాచినవాళ్లు దీనికి పూర్తిగా ఎదురు. కదిలితే ప్రాణం పోతుందన్నట్టు బిగుసుకుని పడుకుంటారు. ఫోన్‌లో ఎవరైనా సలహా అడిగితే నేను మొదట అడిగే ప్రశ్న కూడా ఇదే.

వాంతికి, తిండికి సంబంధం లేదు. కిడ్నీకి, జీర్ణాశయానికి నరాల సరఫరా కలిసే ఉంటుంది కాబట్టి వికారం, వాంతి, కడుపుబ్బరం తోడొస్తాయి. దీని వల్లే సగం మంది గ్యాస్ అనుకుని, గ్యాస్ బిళ్ల వేసుకుని, సోడా తాగి కూర్చుంటారు. నొప్పి ఎలాగూ దానంతటదే తగ్గుతుంది, ఘనత మాత్రం సోడాకు దక్కుతుంది.

రాయి ఎక్కడుందో లక్షణాలే కొంత చెప్తాయి

నాళం పైభాగంలో ఉంటే నొప్పి ఎక్కువగా వీపు, డొక్కలో. మధ్యలో ఉంటే పొత్తికడుపు పక్కన. కుడివైపు అయితే అచ్చం అపెండిక్స్‌లా ఉండి, కొత్త డాక్టర్లను కూడా తికమక పెడుతుంది.

అన్నిటికన్నా మోసం చేసేది అట్టడుగున, నాళం మూత్రాశయంలోకి దూరే చోట ఇరుక్కున్న రాయి. రిపోర్టుల్లో ఈ చోటునే వీయూజే అని రాస్తారు. ఇక్కడ డొక్క నొప్పి దాదాపు ఉండదు. మాటిమాటికీ మూత్రానికి వెళ్లాలనిపిస్తుంది, వెళ్తే నాలుగు చుక్కలు, పోసొచ్చినా ఇంకా మిగిలినట్టే ఉంటుంది. మగవాళ్లకు అంగం కొసన మంట. అందరూ యూరిన్ ఇన్‌ఫెక్షన్ అనే అనుకుంటారు. మెడికల్ షాపులో యాంటీబయాటిక్ కొంటారు, తగ్గదు, ఇంకోటి మారుస్తారు. కల్చర్ పరీక్షలో బ్యాక్టీరియా పెరగలేదు, కానీ మంట, తొందర తగ్గడం లేదు అంటే మూడో యాంటీబయాటిక్ కాదు, స్కానింగ్ కావాలి.

మూత్రధార వస్తూ వస్తూ టక్కున ఆగిపోయి, భంగిమ మార్చితే మళ్లీ మొదలైతే అది మూత్రాశయంలో రాయి కావచ్చు. ప్రొస్టేట్ పెరిగిన పెద్దవాళ్లలో ఎక్కువ చూస్తాం. ఇక ఆడవాళ్లలో ఏడాదికి మూడు నాలుగుసార్లు ఇన్‌ఫెక్షన్ తిరగబెడుతుంటే, నొప్పి లేకపోయినా ఒకసారి కిడ్నీలు చూడాలి. ఇన్‌ఫెక్షన్ వల్లే పెరిగే ఒక రకం రాళ్లున్నాయి, అవి కిడ్నీ అరలన్నీ నింపేసేదాకా నొప్పి రానివ్వవు.

రక్తం పడకపోతే రాయి లేనట్టేనా?

కాదు. కంటికి కనిపించేంత రక్తం కొందరికే వస్తుంది. చాలామందిలో అది మైక్రోస్కోపు కింద మాత్రమే దొరుకుతుంది. పదిమందిలో ఒకరికి పైగా అదీ ఉండదు, ముఖ్యంగా నాళం పూర్తిగా మూసుకుపోయి ఆ వైపు మూత్రమే దిగనప్పుడు. కాబట్టి రక్తం ఉంటే అనుమానం బలపడుతుంది, లేకపోతే అనుమానం పోదు.

దీనికి ఎదురు తప్పు ఇంకా ప్రమాదం. 40 దాటినవాళ్లకు, అందులోనూ పొగ తాగేవాళ్లకు, నొప్పి ఏమీ లేకుండా మూత్రంలో రక్తం కనిపిస్తే రాయే అయి ఉంటుందిలే అని వదిలేయకండి. మూత్రాశయం, కిడ్నీ క్యాన్సర్లు మొదట ఇలాగే కనిపిస్తాయి. బీట్‌రూట్ తిన్నా, టీబీ మందు వాడుతున్నా మూత్రం ఎర్రగా, నారింజ రంగులో వస్తుంది. ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పండి.

రాయి కానివి

రోజంతా కుర్చీలో కూర్చునేవాళ్లకు వచ్చే నడుం నొప్పిలో ఎక్కువ భాగం కండరాలదే. వంగితే పెరుగుతుంది, వెల్లకిలా పడుకుంటే తగ్గుతుంది, వేలితో నొక్కితే ఒకచోట కలుక్కుమంటుంది. రాయి నొప్పికి భంగిమతో పని లేదు. నొప్పి పిరుదు నుంచి తొడ వెనకగా మోకాలు దాటి పాదం దాకా దిగితే అది సయాటికా. రాయి నొప్పి ముందువైపు గజ్జకు దిగుతుంది తప్ప మోకాలు దాటదు.

కుడి పక్కటెముకల కింద, బిర్యానీలాంటి కొవ్వు భోజనం తర్వాత గంట రెండు గంటలకు మొదలై కుడి భుజం వైపు ఎగబాకితే పిత్తాశయం రాళ్లను అనుమానించాలి. అపెండిక్స్ నొప్పి బొడ్డు చుట్టూ మొదలై కొన్ని గంటల్లో కుడి కిందకు చేరుతుంది. ఆకలి చస్తుంది, దగ్గినా నొప్పే. ఒకవైపు చర్మం మంటగా ఉండి, రెండు మూడు రోజులకు పట్టీలాగా పొక్కులు లేస్తే అది సర్పి.

కొన్నింటిలో పొరపాటుకు చోటు లేదు. పిల్లవాడు లేదా కుర్రాడు పొత్తికడుపులో నొప్పి, వాంతి అంటే సిగ్గుపడకుండా వృషణం చూపించమనండి. వృషణం మెలిపడితే ఆరు గంటలే సమయం. నెలసరి తప్పిన ఆడవాళ్లకు ఒకవైపు పొత్తికడుపు నొప్పి వస్తే ముందు గర్భ పరీక్ష, ఆ తర్వాతే సీటీ స్కాన్. అరవై దాటాక జీవితంలో మొదటిసారి ఇలాంటి నొప్పి వచ్చి, దాంతోపాటు చెమటలు పట్టి కళ్లు తిరిగితే అది పొట్టలోని పెద్ద రక్తనాళం ఉబ్బి పగలడం కావచ్చు. అలాంటప్పుడు డయాగ్నస్టిక్ సెంటర్ వెతుక్కోవద్దు, 108కి ఫోన్ చేయండి.

ఇంకో మాట. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బు వార్తలు చదివి, నడుం నొప్పి రాగానే కిడ్నీలు పోయాయని భయపడేవాళ్లు ఉన్నారు. అది వేరే జబ్బు. అందులో కిడ్నీలు మెల్లగా పనితీరు కోల్పోతాయి, నొప్పి దాదాపు ఉండదు. కాళ్ల వాపు, మూత్రంలో నురగ, ఆకలి మందగించడం లాంటివి అటువైపు చూపిస్తాయి, రాయి వైపు కాదు.

వెంటనే ఆసుపత్రికి పోవాల్సినవి

- 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ దాటిన జ్వరం, చలి, వణుకు. అడ్డుపడిన మూత్రానికి ఇన్‌ఫెక్షన్ తోడైతే కిడ్నీలో చీము చేరి, గంటల్లో రక్తంలోకి పాకుతుంది. యాంటీబయాటిక్ ఒక్కటే చాలదు. నాళం లోపల స్టెంట్ అనే సన్నని గొట్టం వేసో, వీపు నుంచి గొట్టం పెట్టో ఆ మూత్రాన్ని బయటికి తీయాలి. రాయిని తీసే పని ఆ తర్వాత.
- మూత్రం పూర్తిగా ఆగిపోవడం, లేదా ఉన్నదే ఒక్క కిడ్నీ.
- ఏం తాగినా వాంతయి, బిళ్లలు కడుపులో నిలవకపోవడం.
- గర్భిణి.
- షుగర్ ఉన్నవాళ్లు, పెద్దవాళ్లలో ఉన్నట్టుండి నీరసం, మగత, బీపీ పడిపోవడం. వీళ్లకు ఇన్‌ఫెక్షన్ ముదిరినా జ్వరం రాకపోవచ్చు.

నొప్పి బిళ్ల వేసుకునే ముందు థర్మామీటర్ పెట్టుకోండి. ఆ బిళ్లలే జ్వరాన్ని కూడా అణచేస్తాయి, తర్వాత చూస్తే ఏమీ కనిపించదు. ఉస్మానియా, గాంధీ, నిమ్స్ మూడింట్లోనూ యూరాలజీ విభాగాలున్నాయి. ప్రైవేటుకైనా ప్రభుత్వానికైనా, పాత స్కానింగ్ రిపోర్టు ఫొటో ఫోన్‌లో ఉంచుకుంటే అక్కడ అరగంట ఆదా అవుతుంది.

పరీక్షలు, రిపోర్టులు చదవడం

మన ల్యాబుల్లో సీయూఈ అని రాసేది మామూలు మూత్ర పరీక్ష. ఎర్రకణాలు 0–2 ఉండాల్సినచోట 15, 20 ఉంటే రాయి అనుమానం గట్టిపడుతుంది. చీము కణాలు కొన్ని పెరిగినంత మాత్రాన ఇన్‌ఫెక్షన్ అనుకోకూడదు, రాయి రాపిడికీ పెరుగుతాయి. నెలసరి రోజుల్లో ఇచ్చిన మూత్రంలో ఎర్రకణాలకు విలువ లేదు. కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు కొద్దిగా కనిపించాయని కంగారు పడొద్దు, రాళ్లు లేనివాళ్లకూ కనిపిస్తాయి.

క్రియాటినిన్ నార్మల్ అని ధైర్యపడిపోవద్దు. ఒక కిడ్నీ పూర్తిగా మూసుకుపోయినా రెండోది పని నెట్టుకొస్తుంది, అంకె పెద్దగా మారదు.

అల్ట్రాసౌండ్‌కు గంట ముందు నాలుగైదు గ్లాసుల నీళ్లు తాగి, మూత్రం ఆపుకుని వెళ్లండి. మూత్రాశయం నిండుగా ఉంటేనే అట్టడుగున ఉన్న రాయి కనిపిస్తుంది. అల్ట్రాసౌండ్ కిడ్నీ లోపలి రాళ్లను, కిడ్నీ వాపును బాగా పట్టుకుంటుంది. నాళం మధ్యభాగాన్ని మాత్రం పేగుల్లోని గాలి కప్పేస్తుంది. అందుకే రాయి కనిపించలేదు, కానీ కిడ్నీ, నాళం కొంచెం వాచాయి అని రిపోర్టు వస్తే అది మంచి రిపోర్టు కాదు. అక్కడ మందు ఎక్కించకుండా తీసే సీటీ కావాలి, చీటీలో ఎన్‌సీసీటీ కేయూబీ అని ఉంటుంది. కొద్ది నిమిషాల పని. దాదాపు అన్ని రాళ్లనూ, సైజును, చోటును, గట్టితనాన్ని చూపిస్తుంది. ఉత్త ఎక్స్‌రేలో యూరిక్ యాసిడ్ రాళ్లు కనబడవు కాబట్టి ఎక్స్‌రే బాగుందన్న మాట మీద ఆగిపోవద్దు. మీ వయసులో మొదటిసారి కాబట్టి ముందు అల్ట్రాసౌండ్, తేలకపోతే సీటీ. తక్కువ రేడియేషన్‌తో తీస్తారా అని అడగండి, చాలా సెంటర్లలో తీస్తున్నారు.

హెల్త్ చెకప్ రిపోర్టుల్లో తరచూ కనిపించే 2, 3 మి.మీ. కాంక్రిషన్ల (రాయి నలుసుల) సంగతి వేరు. అల్ట్రాసౌండ్‌లో ఇంత చిన్నవి ఉన్నదానికన్నా పెద్దగా కనిపిస్తాయి, కొన్నిసార్లు రాయే కాకపోవచ్చు కూడా. అడ్డు లేనంతవరకు మీ నడుం నొప్పికి వాటిని నిందించడం అన్యాయం.

రాయి తేలితే

నాళంలో 4, 5 మి.మీ. లోపు రాళ్లు చాలావరకు వాటంతటవే పడిపోతాయి. 5 నుంచి 10 మధ్య సగం సగం. 10 దాటితే ఆశ పెట్టుకోవద్దు. నాళం కిందిభాగంలో 5 మి.మీ. పైబడ్డవాటికి, నాళాన్ని వదులు చేసే టామ్సులోసిన్ 0.4 మి.గ్రా. రాత్రిపూట ఒకటి రాస్తారు. కొందరికి లేచి నిలబడితే కళ్లు తిరుగుతాయి, బాత్రూమ్‌కి వెళ్లేటప్పుడు నిదానంగా లేవండి. రెండు వారాలకోసారి స్కానింగ్ చూస్తూ, మొత్తం నాలుగు నుంచి ఆరు వారాలకు మించి ఆగకూడదు. నొప్పి ఉన్నా లేకపోయినా ఈ గడువు వర్తిస్తుంది.

నొప్పి వచ్చినప్పుడు బాగా పనిచేసేది డైక్లోఫెనాక్ జాతి మందు. వాంతులుంటే బిళ్ల కన్నా ఇంజెక్షన్ మేలు. కానీ క్రియాటినిన్ ఎక్కువున్నా, కడుపులో పుండు, గుండె జబ్బు ఉన్నా, రక్తం పలచబడే మందు వాడుతున్నా, గర్భిణి అయినా అది వద్దు. వాళ్లకు పారాసిటమాల్ ఎక్కిస్తారు, లేదా ఇంకో దారి చూస్తారు.

నొప్పి మీదున్నప్పుడు లీటర్ల కొద్దీ నీళ్లు తాగితే రాయి తోసుకుపోదు. మూసుకున్న దారి వెనక ఇంకా మూత్రం చేరి నొప్పి పెరుగుతుంది, వాంతి అవుతుంది. బీరు సలహా కూడా ఈ కోవలోదే, స్నేహితులకు అదో సాకు. దాహానికి సరిపడా గుటక గుటకగా తాగండి. నీళ్ల పని నొప్పి లేని రోజుల్లో: రోజుకు రెండు నుంచి రెండున్నర లీటర్ల మూత్రం వచ్చేలా తాగాలి, ఏప్రిల్, మే ఎండల్లో బయట తిరిగితే అందుకు ఇంకా ఎక్కువ కావాలి. ఏసీ ఆఫీసులో దాహం తెలియదు, కాబట్టి మూత్రం రంగు చూసుకోండి, లేత పసుపు దాటి ముదిరితే తక్కువైనట్టు.

కొండపిండాకు, రణపాల, అరటి దవ్వ రసం, ఉలవచారు గురించి మీరు అడగలేదు గానీ, ఇంట్లో ఎవరో ఒకరు చెప్పక మానరు. చిన్న రాయి ఎలాగూ పడిపోతుంది కాబట్టి ఏది తాగినా అదే పనిచేసినట్టు ఉంటుంది. ఉలవచారు అన్నంలో కలుపుకుంటే అభ్యంతరం లేదు. అడ్డు ఉన్న కిడ్నీకి వీటిని నమ్ముకుని నెలలు గడపడం మాత్రం ఒప్పుకోను.

ఇక మూత్రాన్ని ఈ రోజుల్లో ప్లాస్టిక్ మగ్గులో పోసి, టీ వడకట్టే జాలీ గుండా వదలండి. పాతది ఒకటి దీనికే కేటాయించండి. పడే రాయి ఆవగింజంత ఉండొచ్చు, గోధుమ రంగులో గరుకుగా ఉంటుంది, కమోడ్‌లో పడితే కనిపించదు. దొరికితే కడిగి, ఆరబెట్టి, పొడి డబ్బాలో వేసి రాయి విశ్లేషణకు ఇవ్వండి. యూరిక్ యాసిడ్ రాయి అయితే మూత్రంలో ఆమ్లత తగ్గించే మందుతో మిగిలినవాటిని కరిగించే వీలుంది. కాల్షియం ఆక్సలేట్‌కు కరిగించే మందు లేదు. రాయి చేతికొచ్చినా మరో రెండు మూడు వారాలకు ఒక అల్ట్రాసౌండ్ చేయించుకోండి. ఒకటి పడిందంటే వెనక ఇంకోటి లేదని కాదు, కిడ్నీ వాపు పూర్తిగా దిగిందో లేదో కూడా అందులోనే తెలుస్తుంది.